పాత అలవాట్లకు లొంగని ఇంజను
బెంగళూరు ఉత్తరపు కొసన, హైదరాబాదు నుంచి వచ్చే 44వ నంబరు జాతీయ రహదారికి పక్కనే ఉన్న జక్కూరు విమాన క్షేత్రంలో ప్రభుత్వ విమాన శిక్షణ పాఠశాలతోపాటు, ఇద్దరు మాత్రమే కూర్చోగల మైక్రోలైట్ విమానాలను విహారానికీ శిక్షణకూ నడిపేవారి షెడ్లు కూడా ఉన్నాయి. అటువంటి షెడ్డు ఒకదానిలో రోటాక్స్ 912 ఇంజనుకు జరుగుతున్న నూరు గంటల తనిఖీని ఆద్యంతం పరిశీలించడం ఈ పర్యటన ఉద్దేశం. నూరు గంటల తనిఖీ అంటే ఇంజను నడిచిన ప్రతి నూరు గంటలకు, అన్ని గంటలు నడవకపోతే కనీసం ఏడాదికొకసారి, తయారీదారు ఇచ్చిన పట్టికను వరుస తప్పకుండా అనుసరించి చేసే పరీక్ష. ఇంజను పైతొడుగైన కౌలింగ్‌ను విప్పి పక్కన పెట్టగానే బయటపడే యంత్రం, పెద్ద శిక్షణ విమానాల ఇంజన్లను చూసి వచ్చినవారికి, విమానానికి చాలేంత పెద్దదేనా అనిపించేంత చిన్నది.

ఆస్ట్రియాలోని గుంస్కిర్హెన్ అనే ఊళ్లో తయారయ్యే ఈ ఇంజనుకు ధ్రువపత్రం వచ్చింది 1989లో. మంచు మీద నడిచే బండ్లకు, నీటి మీద దూసుకుపోయే స్కూటర్లకు ఇంజన్లు చేసే కంపెనీయే దీనినీ చేస్తున్నది. ఆ వంశలక్షణం ఇంజను నిర్మాణమంతటా కనిపిస్తుంది. సెస్నా 172 వంటి విమానంలో ఉండే లైకమింగ్ ఇంజను అయిదు లీటర్లకు పైబడిన సిలిండర్లతో నిమిషానికి 2700 చుట్లు మాత్రమే తిరుగుతూ ప్రొపెల్లర్‌ను నేరుగా తిప్పితే, 912లోని నూరు అశ్వశక్తుల రకం 1352 ఘన సెంటీమీటర్ల సిలిండర్లతోనే 5800 చుట్లు తిరుగుతుంది. ప్రొపెల్లర్ అంత వేగాన్ని భరించలేదు గనుక, మధ్యలో ఒక గేర్‌బాక్స్ ఆ వేగాన్ని 2.43వ వంతుకు తగ్గిస్తుంది. సిలిండర్లను గాలి, వాటి తలకట్లను నీళ్లు కలిపిన కూలెంట్ చల్లబరుస్తాయి. తెలుగు పాఠకులలో ఎన్‌సీసీ వైమానిక విభాగం గురించి తెలిసినవారికి ఈ ఇంజను పరోక్షంగా పరిచయమే, ఎందుకంటే వైమానిక దళం, నౌకాదళం, ఎన్‌సీసీల కోసం 2015లో భారత ప్రభుత్వం స్లొవేనియా నుంచి కొనడానికి ఒప్పుకున్న 194 పిపిస్ట్రెల్ వైరస్ విమానాలలో ఉన్నది దీని 80 అశ్వశక్తుల రకమే.

ఈ షెడ్డులో వినిపించిన మాటలన్నిటి సారం ఒకటే: ఈ ఇంజనుకు అజ్ఞానం వల్ల కంటె, వేరే ఇంజన్ల దగ్గర నేర్చిన మంచి అలవాట్ల వల్లనే ఎక్కువ హాని జరుగుతుంది. పెద్ద ఇంజన్ల మీద ఏళ్ల తరబడి చేసిన పైలట్ నేల మీద నిలిపి ఉంచినప్పుడు ఇంజనును వీలైనంత నెమ్మదిగా తిరగనిస్తాడు. అక్కడ అది పొదుపు, ఇక్కడ అది గేర్‌బాక్స్‌కు సమ్మెట దెబ్బ. సిలిండర్లలో ఒకదాని తర్వాత ఒకటిగా జరిగే పేలుళ్ల మధ్య విరామం తక్కువ వేగంలో పెరిగి, గేరు పళ్లు ఒకదాన్నొకటి ముందుకూ వెనక్కూ కొట్టుకుంటాయి గనుక, నిమిషానికి 1400 చుట్ల కంటె దిగువకు దించవద్దని తయారీదారు చెబుతాడు. అలాగే, ఎత్తుకు పోయినకొద్దీ పెట్రోలు పాలు తగ్గించుకునే ఎర్ర మీట కోసం వెతికే చేతికి ఇక్కడ ఏమీ దొరకదు. సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న జక్కూరులో గాలి పలచబడిన మేరకు, లోపలి శూన్యతను బట్టి తనంతట తానే పైకీ కిందికీ జరిగే పిస్టన్‌తో కార్బురేటర్ చాలావరకు సర్దుకుంటుంది. మిశ్రమం సర్దుబాటు అయినా, పలచని గాలి వల్ల తగ్గిన శక్తి మాత్రం తిరిగి రాదు.

ఆయిల్ విషయం మరింత ఆసక్తికరమైనది. ఇంజను అడుగున ఆయిల్ నిలవకుండా వేరే ట్యాంకులో ఉండే ఈ ఏర్పాటును డ్రై సంప్ అంటారు. ఆయిల్‌ను ట్యాంకుకు తిరిగి పంపడానికి ఇక్కడ ప్రత్యేకమైన పంపు లేదు, పిస్టన్ల పక్కనుంచి జారే వాయువుల ఒత్తిడే దానిని తోసుకుపోతుంది. అందువల్ల ఆగి ఉన్న ఇంజనులో డిప్‌స్టిక్ ముంచి చూస్తే వచ్చే కొలత నమ్మదగినది కాదు. ఇగ్నిషన్ స్విచ్చులు కట్టివేసి ఉన్నాయని నిర్ధారించుకున్న తర్వాత ప్రొపెల్లర్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ పోతే, అడుగున చేరిన ఆయిల్ అంతా ట్యాంకుకు ఎక్కి, చివరికి దాని వెంట గాలి తోసుకొచ్చి హుక్కా పీల్చినట్టు గుడగుడమంటుంది. ఆ చప్పుడు విన్న తర్వాతనే డిప్‌స్టిక్ తీయాలి. ఆ పని చేస్తున్న కుర్రవాడు ఒక చోట బిగుసుకున్న ప్రొపెల్లర్‌ను ఎదురు దిశకు నెట్టబోగా, అనంతపురం నుంచి వచ్చి స్థిరపడిన పెద్ద మెకానిక్ "వెనక్కి తిప్పొద్దురా" అని గట్టిగా ఆపాడు: అలా తిప్పితే వాల్వులను నడిపే ఆయిల్ మార్గంలోకి గాలి చొరబడే ప్రమాదం ఉంది. ఇదే ఆయిల్ గేర్‌బాక్స్‌కూ అందుతుంది గనుక, విమానాల కోసమని అమ్మే సాధారణ ఆయిల్ ఇక్కడ చాలదు, గేరు పళ్లను కాపాడే రసాయనాలు కలిసిన మోటారుసైకిల్ తరహా ఆయిల్ కావాలి.

పాత ఆయిల్ దించాక ఫిల్టర్ డబ్బాను పారేయరు. దానిని కోసి, లోపలి కాగితపు మడతలను విప్పి, వెలుతురులో పరిచి లోహపు రజను కోసం గాలిస్తారు. ఇంజను ఒంటికి బిగించి ఉండే అయస్కాంతపు బిరడాను విప్పి దానికి అంటుకున్న తునకలను కూడా చూస్తారు. సన్నని నలుపు పూత మామూలు అరుగుదల. పొడుగాటి మెరిసే తునకలు కనిపిస్తే విమానం ఆ రోజు షెడ్డు దాటదు. తనిఖీ మొత్తంలో ఇంతకంటె విలువైన అరగంట మరొకటి లేదనిపిస్తుంది.

పెట్రోలు దగ్గర భారతీయ యజమానికి సుఖమైన దారి ఏదీ లేదు. విమానాల పెట్రోలైన ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్‌లో లీటరుకు 0.56 గ్రాముల వరకు సీసం ఉండవచ్చు; 2022లో ఇండియన్ ఆయిల్ వడోదర రిఫైనరీలో తయారీ మొదలుపెట్టే వరకు అది దిగుమతి సరుకే. ఆ సీసం వేగంగా తిరిగే ఈ ఇంజనులో ప్లగ్గుల మీద పేరుకొని, ఆయిల్‌లో బురదగా మారి ట్యాంకు అడుగున చేరుతుంది గనుక, ఎక్కువ భాగం ఏవ్‌గ్యాస్‌తో నడిపేవారు నూరు గంటలకు మార్చవలసిన ఆయిల్‌ను 50 గంటలకే మార్చాలి. ఇంజనుకు నిజంగా నప్పేది సీసంలేని మంచి ఆక్టేన్ కారు పెట్రోలు. అయితే తయారీదారు పది శాతం వరకే ఇథనాల్‌ను అనుమతిస్తుండగా, దేశంలోని బంకులలో 2025 నాటికి ఇరవై శాతం మిశ్రమం వచ్చేసింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, కొన్ని రబ్బరు గొట్టాలను, ఫైబర్ ట్యాంకుల జిగురును మెత్తబరుస్తుంది. ఖరీదైనా సీసాన్ని భరించి, ఆయిల్ తరచుగా మార్చుకోవడమే ప్రస్తుతానికి తక్కువ ప్రమాదమని ఈ షెడ్డు ఎంచుకున్న మార్గం సహేతుకమైనదే.

కార్బురేటర్లు రెండు, ఒక్కొక్కటి రెండేసి సిలిండర్లకు. రెండింటి తలుపులు ఒకే క్షణంలో ఒకే మేరకు తెరుచుకోకపోతే ఒక వైపు సిలిండర్లు రెండో వైపు వాటితో పోట్లాడి, ఆ వణుకు గేర్‌బాక్స్ దాకా పాకుతుంది; అందువల్ల రెండు శూన్యత గేజీలు తగిలించి కేబుళ్లను సరిచేస్తారు, దీనినే సింక్రనైజ్ చేయడం అంటారు. పెట్రోలు మట్టాన్ని నిలిపే తేలే బిళ్లలను కూడా బయటకు తీసి త్రాసులో తూచారు: జత బరువు ఏడు గ్రాములు మించితే అవి పెట్రోలు తాగి మునుగుతున్నాయని అర్థం, మునిగితే పెట్రోలు పొర్లుతుంది. మరొక విశేషం ఏమిటంటే, కేబుల్ తెగితే స్ప్రింగు ఆ వైపు కార్బురేటర్‌ను మూయదు, పూర్తిగా తెరుస్తుంది. ఆకాశంలో శక్తి పోవడం కంటె మితిమీరడమే మేలన్న ఆలోచన దాని వెనుక ఉంది.

షెడ్డు మూలన పాత మైక్రోలైట్ ఒకదాని రెండు స్ట్రోకుల 582 ఇంజను కూడా ఉంది. దానిని చల్లగా ఉన్నప్పుడే పూర్తి వేగానికి తీసుకుపోతే పిస్టన్ ముందుగా వేడెక్కి ఉబ్బి, ఇంకా చల్లగా ఉన్న సిలిండర్‌లో పట్టేస్తుంది. 912కు ఆ భయం తక్కువే అయినా, ఆయిల్ 50 డిగ్రీల సెల్సియస్‌కు చేరకుండా పైకి లేవకూడదు. ప్రయాణంలో అది నూరు డిగ్రీలను తాకితేనే లోపల చేరిన తేమ ఆవిరైపోతుందని, అందుచేత గేజీ ముల్లు ఎప్పుడూ చల్లటి వైపే ఉంటే సంతోషించరాదని మెకానిక్ వివరించాడు.

అన్నీ బిగించాక విమానాన్ని ఆరుబయట కట్టి ఇంజను నడిపారు. ఒక్కొక్క సిలిండర్‌కు రెండేసి ప్లగ్గులు, వాటికి రెండు వేర్వేరు ఇగ్నిషన్ వలయాలు ఉంటాయి. నిమిషానికి 4000 చుట్ల వద్ద ఒక వలయాన్ని ఆపితే వేగం 300 చుట్లకు మించి పడకూడదు, రెండు పక్కల పతనాల మధ్య తేడా కూడా స్వల్పంగానే ఉండాలి. ఆ తర్వాత మళ్లీ కౌలింగ్ తీసి, వేడి మీద ఎక్కడైనా ఆయిల్, కూలెంట్ చెమ్మ కనిపిస్తుందేమోనని గుడ్డతో తుడిచి చూశారు.

చివరి వాదం లాగ్ పుస్తకం దగ్గర జరిగింది. ఏడాదికి కొద్ది గంటలే ఎగిరే ఆ విమానం యజమాని, గొట్టాలు కొత్తవాటిలా ఉన్నాయి కదా అని అడిగాడు. రబ్బరు భాగాలను గంటలతో పనిలేకుండా అయిదేళ్లకు మార్చాలన్న నియమాన్ని మెకానిక్ చూపించాడు. కదలని ఇంజనులోనే తేమ చేరుతుంది, కదలని రబ్బరే బిరుసెక్కి పగులుతుంది గనుక, విహారపు విమానాలలో గంటల లెక్క కంటె తేదీల లెక్కే కఠినంగా ఉండవలసి వస్తుంది. గొట్టాల జాబితా రాసి, అవి వచ్చేవరకు విమానం ఎగరరాదని పుస్తకంలో నమోదు చేసి, యజమాని సంతకం కూడా తీసుకున్నారు.