చుట్టాల పద్దు

శ్రీకాకుళం వైపు మావాళ్లు కలకత్తా చూడ్డానికి వచ్చేది కార్తీకం నుంచి సంక్రాంతి లోపే. ఎండాకాలం ఎవరూ రారు. వానల్లో రమ్మని మేమూ అనం, మేముండే ఖిదిర్‌పూర్‌లో మోకాలి లోతు నీళ్లు చూపించడానికి రైలు టిక్కెట్లు దండగ. అందుకని ఏటా దసరా వెళ్లగానే బ్యాంకులో ఏడాది రికరింగ్ డిపాజిట్ ఒకటి తెరుస్తాను, నెలకి వెయ్యి చొప్పున. మళ్లీ దసరాకి పన్నెండు వేలూ, పైన కాస్త వడ్డీ చేతికొస్తాయి. మా ఆయన దానికి 'చుట్టాల పద్దు' అని పేరు పెట్టారు. ఆ డబ్బు ఇంటి ఖర్చుకి తీయను, ఇంటి డబ్బు అందులో కలపను.

మాకు చుట్టాల తాకిడి ఎక్కువ కావడానికి కారణం రైల్వే. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం మా పక్కనే, గార్డెన్ రీచ్‌లో ఉంది. 2003లో తూర్పు కోస్తా రైల్వే విడిపోయేదాకా వాల్తేరు డివిజన్ కూడా ఈ జోన్ కిందే ఉండేది. బదిలీ మీద ఇటొచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాల్లో మాదొకటి. మనవాళ్లు ఒకరుంటే చాలు కదా, ఊరంతటికీ కలకత్తాలో ఇల్లున్నట్టే.

చుట్టాలకి ఊరు చూపించే ఖర్చు ఊరిని బట్టి మారుతుంది. మా ఆడపడుచు కొడుకు జపాన్‌లో, ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ల అమ్మానాన్నలు వెళ్లినప్పుడు వాడు వేసిన ఒకరోజు ప్లాను నాకూ పంపించాడు. పొద్దున కోట, మధ్యాహ్నం బజారు, సాయంత్రం దోతొంబోరి కాలువ గట్టున తకోయాకి (ఆక్టోపస్ ఉండలు) తినడం, అన్నిటికీ కలిపి సబ్‌వే ఒకరోజు పాసు. ఆ పాసు మామూలు రోజుల్లో 820 యెన్, శని ఆదివారాల్లో 620. అంటే పనిదినాన మనిషికి మన డబ్బులో అయిదొందలకి కాస్త తక్కువ. అక్కడ ఒక్కో స్టేషనుకీ టిక్కెట్టు కొంటూ పోతే పర్సు చిల్లు పడుతుంది కాబట్టి పాసు కొనడం తెలివైన పనే.

ఇక్కడ కలకత్తాలో ఆ లెక్క తిరగబడుతుంది. హౌరాలో రైలు దిగి నది కింద నుంచి మెట్రోలో ఎస్‌ప్లనేడ్ రావడానికి మనిషికి పది రూపాయలు. 2024 మార్చిలో ఆ దారి తెరిచాక మా చుట్టాలకి అదే మొదటి వింత. చూసే చోట్ల టిక్కెట్లూ చవకే. అలీపూర్ జూ టిక్కెట్టూ, ఇండియన్ మ్యూజియం టిక్కెట్టూ కలిపినా పేరున్న హోటల్లో ఒక బిరియానీ ప్లేటు ధర రాదు. మరి డబ్బు ఎక్కడ పోతుందంటే, కారులో. నలుగురు చుట్టాలకి రోజంతా కారు మాట్లాడితే రెండున్నర వేలు ఇట్టే అయిపోతాయి. అదే బస్సూ మెట్రోల మీదైతే నలుగురికీ కలిపి రెండొందలు దాటవు. అందుకే నేను ముందు గీసుకునేది చూడాల్సిన చోట్ల పట్టిక కాదు, కారు లేకుండా తిరగ్గలిగే దారి. ఖిదిర్‌పూర్, అలీపూర్, మైదానం ఒక వరసలో ఉన్నాయి. దక్షిణేశ్వర్, బేలూరు మఠం ఇంకో రోజుకి. రెండూ ఒకే రోజు కావాలని పట్టుబట్టేవాళ్లకి కారు ఖర్చు వాళ్లదేనని నవ్వుతూనే చెబుతాను.

పోయిన కార్తీకంలో మా ఆయన మేనమామ, అత్తయ్యగారు సోమవారం రోజు ఊరు చూస్తామన్నారు. సోమవారం ఇక్కడ ఇండియన్ మ్యూజియం సెలవు, విక్టోరియా గ్యాలరీలు సెలవు, అలీపూర్ జైలు మ్యూజియమూ సెలవే. పైగా వాళ్లిద్దరికీ ఉపవాసం. నాకైతే ఇంతకంటే చవకైన రోజు దొరకదనిపించింది. మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో భూకైలాస్ ఉంది. జయనారాయణ ఘోషాల్ 1781లో కట్టించిన జంట శివాలయాలు, ఎదురుగా పెద్ద చెరువు. ఒక్కో గుళ్లో నల్లరాతి లింగం మనిషికంటే ఎత్తు. పూజారి పైకెక్కి నీళ్లు పోస్తుంటే అవి రాతి మీద నిగనిగలాడుతూ కిందికి జారుతున్నాయి. మావయ్యగారు చేతులు జోడించి కాసేపు అలాగే నిలబడి, "అమ్మాయ్, ఇంత పెద్ద శివుడు కలకత్తాలో ఉన్నాడని ఎవరూ చెప్పలేదేమే!" అన్నారు. ఖర్చు: మారేడు దళాలు, పూలు, హారతి పళ్లెంలో దక్షిణ. అంతే.

అక్కణ్ణించి డాక్ దగ్గర లేచే వంతెన చూడ్డానికి ఆటోలో వెళ్లాం. 1892లో మొదలైన రేవు ఇది. ఓడ రావాలంటే రోడ్డు ముక్క అలా పైకి లేస్తుంది, రెండు వైపులా బళ్లు ఆగిపోతాయి. మాకు చూడ్డానికి పైసా ఖర్చు లేదు. ఆగిన ట్యాక్సీల్లో కూర్చున్నవాళ్లకి మాత్రం ఒక్కో నిమిషానికీ బిల్లు ఎక్కుతూ ఉంటుంది. కారు వద్దని నేనెందుకంటానో మావయ్యగారికి అప్పుడు వేరే చెప్పక్కర్లేకపోయింది. ఆ దగ్గరున్న నది ఘాట్‌ల వైపు నుంచే 1873 ఫిబ్రవరిలో లల్లా రూఖ్ ఓడ కూలీలనెక్కించుకుని సూరినాం బయల్దేరింది. ఆ కూలీల జ్ఞాపకార్థం పెట్టిన విగ్రహం దగ్గర అత్తయ్యగారు చాలాసేపు కూర్చున్నారు. వాళ్ల తాతల తరంలో ఎవరో రంగం (రంగూన్) వెళ్లి తిరిగి రాలేదట.

ఉపవాసం లేని చుట్టాలొస్తే పద్దు వేరు. అప్పుడు మిగిల్చిన కారు డబ్బంతా తిండికి పోతుంది, పోవాలి కూడా. పొద్దున కచోరీ, ఆలూదమ్. మధ్యాహ్నం ఖిదిర్‌పూర్‌లోనే ఇండియా రెస్టారెంట్‌లో బిరియానీ. బిరియానీలో బంగాళాదుంప ఏమిటని మనవాళ్లంతా మొదట మొహం చిట్లిస్తారు. 1856లో రాజ్యం పోగొట్టుకుని మా పక్కనున్న మెటియాబ్రుజ్ చేరిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా వంటింట్లో ఈ పద్ధతి పుట్టిందంటారు. డబ్బు చాలక మాంసం తగ్గించి దుంప వేశారని కొందరు, ఆ రోజుల్లో దుంపే ఖరీదైన సరుకని కొందరు. ఆయనకి ఇంగ్లీషువాళ్లిచ్చిన పింఛను ఏడాదికి పన్నెండు లక్షలు, అంటే నెలకి లక్ష. ఆ కాలంలో లక్ష! సొంత జంతుశాల పెంచి, పావురాలు కొని ఖర్చు పెట్టాడు. బీదరికం కథ నాకు నమ్మబుద్ధి కాదు. చుట్టాలు దుంప మొత్తం తినేశాక ఈ సంగతి చెబుతాను.

సాయంత్రానికి ఎస్‌ప్లనేడ్. ఒకప్పుడు ఖిదిర్‌పూర్ నుంచి అక్కడికి ట్రామ్ ఉండేది. 1902లో ఊళ్లో మొదటి కరెంటు ట్రామ్ తిరిగిన దారి ఇదే. 2020లో ఆంఫన్ తుఫాను తర్వాత ఈ దారిలో మళ్లీ నడవలేదు. ఇప్పుడు బస్సే గతి. డేకర్స్ లేన్‌లో చికెన్ స్టూ, మట్టి ముంతలో టీ, దారిలో ఫుచ్కా, అదే మన పానీపూరీ. ఈ చిన్న తిళ్లకి పది, ఇరవై రూపాయల నోట్లు ముందురోజే మార్చి విడిగా పెట్టుకుంటాను. ఫోన్‌తో కడితే ఎంతయిందో చూసుకోం, నోట్ల కట్ట అయిపోతే తెలుస్తుంది.

ఖిదిర్‌పూర్ ఫ్యాన్సీ మార్కెట్ మాత్రం పద్దులో ఉండదు. ఫారిన్ సరుకని చుట్టాలే అడిగి వెళతారు, వాళ్ల డబ్బు, వాళ్ల బేరం. బిల్లివ్వని వస్తువు మీద వెయ్యి దాటి పెట్టొద్దని ఒక్కసారి చెప్పి ఊరుకుంటాను. ఇంకోటి: ఊరికి పట్టుకెళ్లే సందేశ్, రసగుల్లా డబ్బాల డబ్బు వాళ్లనే ఇవ్వనిస్తాను. రోజంతా మేమే పెట్టి అక్కడ కూడా అడ్డుపడితే మావయ్యగారి లాంటివాళ్లు చిన్నబుచ్చుకుని, వెళ్లేటప్పుడు పిల్లల చేతుల్లో అంతకు రెండింతలు పెట్టి పోతారు.

ఖిదిర్‌పూర్‌కి భూగర్భ మెట్రో స్టేషను కడుతున్నారు. పక్కనున్న మాజేర్‌హాట్ దాకా 2024లోనే రైలు వచ్చేసింది. మాదీ తెరిస్తే పద్దులో ఆటో ఖర్చు కూడా తగ్గుతుంది. అప్పుడు నెలనెలా కట్టే వెయ్యిని ఎనిమిది వందలకి తగ్గిద్దామంటారు మా ఆయన. బిరియానీ చికెన్ నుంచి మటన్‌కి మారుద్దామని నేను.