తేరుకునే దాకా

ఫ్రెంచ్ ప్రెస్ అంటే ఒక గాజు పాత్ర, దానిలోకి దిగే జల్లెడ కాడ. నేటి రూపానికి దగ్గరి పరికరానికి ఇటలీకి చెందిన అత్తీలియో కాలిమాని 1929లో పేటెంట్ పొందాడు. రవ్వలా బరకగా పట్టిన పొడి 20 గ్రాములు, మరిగి ఒక్క నిమిషం ఆగిన నీళ్లు 300 మిల్లీలీటర్లు, ఆపై నాలుగు నిమిషాల ఓపిక. కాడను మెల్లగా నొక్కితే పొడి అడుగున ఆగుతుంది. కాగితపు వడపోత లేదు గనుక గింజలోని నూనె కప్పులోకే వస్తుంది.

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పొద్దు చాయతో మొదలవుతుంది. కాఫీ గింజ దూరపు చుట్టం. అరకు కొండల నుంచి రావాలి. నీళ్లు మాత్రం ఈ నేలవే.

కప్పులో దాదాపు అంతా నీళ్లే. నల్లగొండలో ఆ మాట తేలికైనది కాదు. ఇక్కడి గ్రానైటు రాళ్ల మధ్య ఊరిన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ కలిసింది. తరాల ఎముకలను వంచింది. మరిగిస్తే అది పోదు. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన శుద్ధి పద్ధతికి ఈ జిల్లా పేరే నిలిచింది: నల్లగొండ టెక్నిక్. పటిక, సున్నం కలపాలి, తిప్పాలి, మడ్డి అడుగుకు దిగేదాకా ఆగాలి, పైతేట తీసుకోవాలి.

తరవాత కృష్ణా నీళ్లు కుళాయిల్లోకి వచ్చాయి. బకెట్‌లో పటిక తిప్పిన చోట ఇప్పుడు గాజు పాత్రలో కాఫీ దిగుతోంది. ఒకటి ప్రాణానికి, ఒకటి రుచికి. రెంటిలోనూ చేతిపని కొంచెమే. మిగిలినదంతా తేరుకునే దాకా ఆగడం.