చాంద్ పదిహేను నాటి పోటు

మాది బందరు. ఫార్సీలో, ఉర్దూలో బందర్ అంటే ఓడల రేవు. ఊరి పేరులోనే రేవు పెట్టుకుని పుట్టినా, నలభై ఆరేళ్లు వచ్చేదాకా నేనెప్పుడూ పడవకి హిసాబ్ వేసినవాణ్ణి కాదు. బల్లకట్టు ఎక్కాను, లాంచీ ఎక్కాను. ఎక్కి కూచోవడమే మన పని, నడిపేది ఇంకెవరో. ఆ ఇంకెవరో మనమే అయితే ఎంత ఫికర్ పడాలో పోయిన వేసవిలో ఇంగ్లండులోని పూల్ అనే ఊళ్లో తెలిసింది.

మా ఆపా, దూల్హాభాయ్ అక్కడ పదేళ్లుగా ఉంటున్నారు. వాళ్ల పెద్దోడికి ఇరవై రెండేళ్లు. ఎవరో వాడి వదిలేసిన గాలి పడవ ఒకటి కొన్నాడు. రబ్బరు ట్యూబుల్లోకి గాలి కొడితే తొమ్మిదడుగుల కిష్తీ అవుతుంది. వెనకాల రెండున్నర హార్స్‌పవర్ మోటారు. నేను వెళ్లిన మూడో రోజే వాడు తయ్యార్.

"మామూ, శనివారం బ్రౌన్‌సీ పోదాం. చెల్లెళ్లిద్దర్నీ తీసుకుపోదాం. ఖానా తిని బయల్దేరితే నాలుగింటికల్లా తిరిగొచ్చేస్తాం."

బ్రౌన్‌సీ అంటే పూల్ హార్బర్ లోపలున్న ద్వీపం. 1907లో బేడెన్ పావెల్ మొట్టమొదటి స్కౌట్ క్యాంపు పెట్టింది అక్కడే. ఎర్ర ఉడతలుంటాయని పిల్లలకి సరదా. ఒడ్డున నిలబడితే చెట్లు లెక్కపెట్టొచ్చు అన్నంత దగ్గరగా కనిపిస్తుంది. ఆ దగ్గరే ధోకా.

ఆపా నా మొహం చూసింది. నా మనసు ఎక్కడికి పోయిందో ఆమెకి తెలుసు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. ఆ రాత్రి నేను ఒడ్డున నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డాను. అసలు పడవలో ఎంతమంది ఎక్కారని అడిగితే తలోమాట చెప్పారు. ఆ సవాల్ నా నోట్‌బుక్‌లో అలాగే ఉండిపోయింది.

అందుకే వాణ్ణి కాదనలేదు, అవుననలేదు. "హిసాబ్ చూపించు బేటా, వస్తాను" అన్నాను.

ఆ రాత్రి దస్తర్‌ఖాన్ తీసేశాక అక్కడే హార్బర్ పటం పరిచాం. మొదటి హిసాబ్, మనుషులది. పడవ వెనక చెక్క మీద చిన్న పలక ఉంటుంది. ఎంతమందిని, ఎన్ని కిలోల్ని మోస్తుందో దాని మీద రాసి ఉంటుంది. మాదాని మీద ముగ్గురని ఉంది. మేం నలుగురం. "పిల్లలే కదా మామూ" అన్నాడు. పలక పెద్దలనీ పిల్లలనీ అడగదు కదా. మొదటిసారి ఇద్దరమే పోదాం అన్నాను. పెద్దపిల్ల మాట్లాడటం మానేసింది. చిన్నది ఏడ్చింది. మామూ మొదటి వారంలోనే విలన్ అయిపోయాడు.

రెండో హిసాబ్, ఓడలది. పూల్ హార్బర్‌లో చాలా మేర లోతు లేని నీళ్లు. పాటు తీస్తే బురద బయటపడుతుంది. ఫ్రాన్సు నించి వచ్చే పెద్ద ఫెర్రీలు తవ్విన ఓడబాట లోపలే నడవాలి. లోపలికొచ్చే ఓడకి ఎడమ పక్క ఎర్ర బోయలు, కుడి పక్క పచ్చ బోయలు. ఆ రెండు వరసలూ దాటి అది పక్కకి తప్పుకోలేదు, గబుక్కున ఆగలేదు. తప్పుకోవాల్సింది మనమే. అదే మనకి ఆసరా కూడా. బోయల అవతల లోతు లేనిచోట నిలబడితే ఓడ మన మీదికి రాలేదు. కాబట్టి బాట అంచున ఆగాలి, రెండు వైపులా చూడాలి, అడ్డంగా సూటిగా దాటేయాలి. ఏటవాలుగా పోతే బాటలో ఉండే సేపు పెరుగుతుంది. దూరాన వస్తున్న ఓడ మనకి ఎప్పుడు చూసినా ఒకే దిక్కున కనిపిస్తూ పెద్దదవుతోందంటే అది మనకే తగులుతుందని అర్థం. ఐదు పొట్టి కూతలు కూసిందంటే, నువ్వేం చేస్తున్నావో నాకు అర్థం కావడం లేదు అని.

మూడోది నీళ్ల హిసాబ్. ఇక్కడే నా చదువు నన్ను చూసి నవ్వింది. ఉర్దూ మీడియం స్కూల్లో మద్దొజజర్ అనే మాట నేర్చుకున్నాను. హాలీ 1879లో రాసిన ముసద్దస్ పేరులో ఉంది ఆ మాట. మాకది ఒక కౌమ్ ఎదగడం, దిగజారడం. తర్వాత తెలుగు డిగ్రీలో ఆటుపోట్లు అని చదివాను. అక్కడది జీవితంలో కష్టసుఖాలు. రెండు జబాన్లలోనూ మాట వచ్చు, నీళ్లు మాత్రం తెలియవు.

ఆ వారం అమ్మీ వీడియో కాల్ చేసింది. పిల్లలు ఫిర్యాదు చేశారు, శనివారం మమ్మల్ని తీసుకుపోవడం లేదని. అమ్మీ వెనక్కి తిరిగి గోడ మీద ఇస్లామీ క్యాలెండర్ చూసింది.

"శనివారమా? చాంద్ పదిహేను కదా బేటా. పున్నం పోటు. గిలకలదిండి నించి వచ్చే చేపలామె ఎప్పుడూ చెబుతుంది, అమావాస్యకీ పున్నానికీ నీళ్ల జోర్ వేరని. ఆ రోజే ఎందుకు?"

భాంజా నా వైపు చూశాడు, నేను వాడి వైపు. పోటు పట్టిక తీశాం. అమ్మీ మాట సహీ. మన నెల చాంద్‌తోనే నడుస్తుంది కదా. నెల మొదట్లో, మధ్యలో సూర్యుడూ చంద్రుడూ ఒకే గీతలో లాగుతారు, నీళ్లు బాగా ఎక్కి బాగా దిగుతాయి. ఎనిమిది, ఇరవై రెండు తారీఖుల దగ్గర సగం చాంద్ నాడు జోర్ తగ్గుతుంది. ఇంట్లో క్యాలెండర్ మీద ఇది ఎప్పుడూ ఉంది, మేమే చదవలేదు.

క్యాలెండర్ రోజు చెబుతుంది గానీ గంట చెప్పదు. దానికి ఆ ఊరి పట్టికే దిక్కు. పూల్‌లో అది మరీ వింత. పోటు ఒకసారి ఎక్కి, కాస్త తగ్గి, మళ్లీ ఎక్కుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా దిగుతుంది. ఆ శనివారం మావాడు తిరిగొద్దామన్న టైముకే ఆ దిగుడు. అంత నీరూ ఇరుకైన మూతి గుండా సముద్రంలోకి పోవాలి. పెద్ద పోటు రోజుల్లో అక్కడ పాటు వేగం 4 నాట్లు దాటుతుంది, అంటే గంటకి ఏడు కిలోమీటర్లకు పైగా. మోటారు ఆగితే తెడ్లతో దానికి ఎదురు వెళ్లలేం. మూతి దగ్గర గొలుసుల మీద నడిచే ఫెర్రీ కూడా ఉంది. పైగా మధ్యాహ్నం సముద్రం నించి గాలి లేస్తుంది. దిగే నీటికి గాలి ఎదురైతే చిన్న అల కూడా నిటారుగా లేస్తుంది.

శనివారం వద్దన్నాం. వాడికి నచ్చలేదు. "ఇంత డర్ ఎందుకు మామూ, అందరూ పోతున్నారు" అన్నాడు. బహస్ పెట్టుకోలేదు. ఆ శనివారం నాలుగింటికి అందరం ఒడ్డుకి నడిచి వెళ్లాం. ఓడబాట అంచున బోయ ఒక పక్కకి ఒరిగి ఉంది. దాని వెనక తెల్లగా నురగ. నిలబడి ఉన్న బోయే పరిగెడుతున్నట్టు కనిపించింది. వాడు చాలాసేపు చూశాడు. "ఇరవై రెండుకి పోదాం మామూ" అన్నాడు.

ఆ వారమంతా తయ్యారీ. రాత్రంతా గాలి కొట్టి వదిలేసి పొద్దున్న చూశాం. ఒక గది మెత్తబడింది. మూత మీద సబ్బు నీళ్లు పోస్తే బుడగలు, రబ్బరు వాషర్ మార్చాం. చల్లటి నీళ్లలో దింపాక గాలి ముడుచుకుంటుంది కాబట్టి పంపు కూడా పడవలోకే. పెట్రోలు మూడు వంతులు: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, ముట్టుకోకూడనిది ఒకటి. తెడ్లు, తాడుతో లంగరు, విజిల్, నీళ్లు పోని సంచిలో ఫోన్, చేతిలో పట్టే రేడియో. నడిపేవాడు నీళ్లలో పడితే మోటారు ఆగిపోయేలా కాలికి కట్టుకునే తాడు. లైఫ్ జాకెట్లు ఒడ్డునే వేసుకుని పట్టీలు బిగించుకున్నాం. వెనక వదిలేసిన జాకెట్ కిష్తీలో సామానే అవుతుంది.

మిగిలింది జిమ్మేదారీ ఒకటి. అది పిల్లలిద్దరికీ ఇచ్చాను. దుర్బీన్, నోట్‌బుక్, ఒక టైము. రెండింటికల్లా మేం రాకపోయినా, ఫోన్ చేయకపోయినా అమ్మీకి చెప్పాలి, ఆమె కోస్ట్‌గార్డుకి 999 కొట్టాలి. "మొహమాటం లేదు, ఐదు నిమిషాలు ఇంతజార్ చేద్దాం అనుకోవద్దు" అన్నాను. మా అమ్మీ జిందగీ అంతా "చేరగానే ఫోన్ చెయ్" అంటే విసుక్కునేవాణ్ణి. అది కూడా హిసాబేనని అప్పుడు తోచింది.

చాంద్ ఇరవై రెండు. పోటు మొదలయ్యాక బయల్దేరాం. మోటారు ఆగినా నీళ్లు మమ్మల్ని లోపలికే తోస్తాయి, సముద్రంలోకి కాదు. ఓడబాట అంచున ఆగాం. ఫెర్రీ ఒకటి వచ్చింది, నాలుగంతస్తుల ఇల్లు కదిలి వచ్చినట్టు. వెళ్లాక దాని అలలకి పడవ ముక్కు తిప్పి పట్టుకున్నాం. అప్పుడు దాటాం. ద్వీపం పడమటి కొసన ఒడ్డుకి చేరి తోషా విప్పి సమోసాలు తిన్నాం. ఉడతలు కనిపించలేదు. దక్షిణపు గాలి కాస్త లేవగానే, ఇంకా అరగంట ఉందామని నోటిదాకా వచ్చింది గానీ ఇద్దరం లేచాం.

ఒడ్డుకొచ్చేసరికి చిన్నది నోట్‌బుక్ తెరిచి నిలబడి ఉంది. రెండు పేర్లు: భాయ్, మామూ. పక్కన పోయిన టైము 11.10. మేం బురదలో కాలు పెట్టగానే 1.25 అని రాసి, రెండు పేర్లకీ టిక్కు పెట్టింది. ఆ టిక్కులు చూసి నేను కాసేపు అటు తిరిగి జాకెట్ పట్టీలు విప్పుకున్నాను.

అది వేళ్లు మడిచి ఏదో లెక్కపెడుతోంది.

"మామూ, మళ్లీ చాంద్ ఎనిమిది ఎప్పుడు? భాయ్, అక్క, నేను... ముగ్గురమే!"