ఏ గుమ్మంలోంచి వచ్చావు

ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో ఐదుగురు విద్యార్థులు పాచికలు వేస్తారు. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఒకరు కథ నడపాలి, తగువులు తీర్చాలి. ఆ పని నాది. తెలుగు సారుకి ఈ డ్రాగన్ల గోల ఏంటని స్టాఫ్‌రూంలో నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

మొన్నటి తగువు చెప్తాను.

ఎంఏ చదివే అమ్మాయి ఒక డ్వార్ఫ్ ఆడమనిషి పాత్ర ఆడుతోంది. డ్వార్ఫ్‌లంటే కొండల కింద గనులు తవ్వుకునే పొట్టి జాతి. ఆ పాత్ర మొదట బార్బేరియన్, కోపమే బలంగా కొట్లాడే యోధురాలు. ఐదో లెవెల్ దాటాక మంక్ క్లాసు కూడా కలుపుకుంది. దీన్నే మల్టీక్లాస్ అంటారు. ఈ జోడీకి స్ట్రెంగ్త్, డెక్స్టెరిటీ, విజ్డమ్ మూడూ కనీసం 13 ఉండాలి. ఆమెకున్నాయి.

రెండు క్లాసులకూ ఒకే పేరుతో ఒక విద్య ఉంది, అన్‌ఆర్మర్డ్ డిఫెన్స్. కవచం లేకుండానే దెబ్బ కాచుకోవడం. బార్బేరియన్ అయితే 10కి డెక్స్టెరిటీ, కాన్‌స్టిట్యూషన్ బోనస్‌లు కలుపుకోవాలి. మంక్ అయితే డెక్స్టెరిటీ, విజ్డమ్. ఆమె అన్నీ కలిపేసింది. 10, 2, 2, 3. మొత్తం 17.

"కుదరదు, 14" అన్నాను.

"రెండూ నేను నేర్చుకున్నయే కద సార్?"

2014 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో మాట స్పష్టంగానే ఉంది. ఆ విద్య ఒక క్లాసు నుంచి ఉంటే, ఇంకో క్లాసు నుంచి మళ్లీ రాదు. మంక్‌గా మొదలై ఉంటే 15 వచ్చేది. బార్బేరియన్‌గా మొదలైంది కాబట్టి 14. ఆ తర్వాత మంక్‌గా ఎన్ని లెవెల్స్ ఎక్కినా లెక్క వేసే పద్ధతి మారదు.

"అంటే ముందు ఏ గుమ్మంలోంచి వచ్చినవ్ అనే చూస్తరన్నమాట. ఇక్కడ కూడానా?"

నవ్వుతూనే అంది. బల్ల చుట్టూ ఇంకెవరూ నవ్వలేదు. ఆ ప్రశ్న అడిగించుకోనివాళ్లు మాలో లేరు.

ఆ రాత్రి ఈ ఆట పాత పుస్తకాలు తిరగేశాను. 1974లో వచ్చిన మొదటి ఆటలో డ్వార్ఫ్ యోధుడే కావాలి, అదీ 6వ లెవెల్ దాకే. 1978 పుస్తకంలో మంక్ క్లాసు మనుషులకు మాత్రమే. డ్వార్ఫ్ యోధుడు ఎంత బలవంతుడైనా 9వ లెవెల్ దగ్గర ఆగిపోవాలి. దొంగగా మాత్రం ఎంతైనా ఎదగొచ్చు! మన దగ్గర 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చినవాళ్లకు ఈ పట్టిక కొత్తగా అనిపించేది కాదు. 1981 బేసిక్ పుస్తకంలో ఆ కాస్త దాపరికం కూడా లేదు. డ్వార్ఫ్ అన్నదే ఒక క్లాసు. పుట్టుకే వృత్తి. మంత్రాలనూ డ్రాగన్లనూ ఊహించినవాళ్లు, గనిలో పుట్టిన పిల్ల మంత్రం చదవడాన్ని ఊహించలేకపోయారు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌తో ఆ అడ్డుగోడలు పోయాయి.

అయితే మా తగువులోని నియమం ఆ కోవలోది కాదని నాకనిపించింది. అది పుట్టుకను అడగడం లేదు. ఆటగాడు తానే ఎంచుకున్న వరసను అడుగుతోంది, ఒకే లాభం రెండుసార్లు రాకుండా చూస్తోంది. ప్రతి గీతనూ అదే గీత అనుకుంటే అసలు గీత ఎక్కడుందో తప్పిపోతాం. తర్వాతి ఆదివారం ఇదే చెప్పాను, కొంచెం పాఠంలాగే.

ఆమె పూర్తిగా విని, పుస్తకం నా ముందు పెట్టింది.

"మీరు సగమే చదివిన్రు సార్."

మంక్ విద్యకు కవచమూ ఉండకూడదు, డాలూ ఉండకూడదు. బార్బేరియన్ విద్యకు కవచం ఒక్కటే అడ్డు. డాలు పట్టుకోవచ్చని అక్కడే రాసి ఉంది. డాలుకు 2.

"పదహారు."

మంక్‌గా మొదలైతే వచ్చే 15 కన్నా ఒకటి ఎక్కువ. సూత్రాన్ని సగం చదివి తీర్పు చెప్తే వ్యాకరణం క్లాసులో నేనే ఊరుకోను. ఆ పేరా పదిసార్లు చదివినవాణ్ణే, నాకు కనపడలేదు.

"డాలు పట్టుకుంటే మంక్ చేతిపోరు పనిచేయదు మరి" అన్నాను, ఓడిపోతూ.

"ఎరుకే సార్. ఎప్పుడు పట్టుకోవాల్నో ఎప్పుడు పారెయ్యాల్నో నేను చూసుకుంట."

14 కొట్టేసి 16 రాసుకున్నాను. ఆమె పాచిక అందుకుంది.