ఫెన్వే పార్కులో ఒక సాయంత్రం

బోస్టన్ వెళ్ళినవారు ఫెన్వే పార్కు చూడకుండా రాకూడదు. 1912లో తెరిచిన ఆ మైదానం అమెరికాలో పెద్ద జట్లు బేస్‌బాల్ ఆడేవాటన్నిటిలోకీ పాతది. దీపాలు వెలిగేవేళకు వెళ్ళి కూర్చున్నాను. ఊరివారితోపాటు నేనూ రెడ్ సాక్స్ పక్షమే!

ఎడమవైపు 37 అడుగుల పచ్చగోడ. దాని అడుగున ఉన్న స్కోరుబోర్డులో అంకెల పలకలు ఇప్పటికీ మనుషులే చేత్తో మారుస్తారు. ఆట మన క్రికెట్టుకు దాయాది. ముగ్గురు అవుటయితే వంతు మారుతుంది. ఇలా జట్టుకు తొమ్మిది వంతులు. ఏడో వంతు నడుమ జనమంతా లేచి నిలబడి పాట అందుకున్నారు.

మనవాళ్ళు ఓడిపోతున్నారు. అయినా ఎవరూ కదలరే! మనవడితో వచ్చిన పక్క కుర్చీ ముసలాయనను, "ఇంకా ఆశ ఉందంటారా?" అని అడిగాను.

"మా నాన్న బతికినన్నాళ్ళూ ఆశపడ్డాడు. నాకేం తొందర?" అన్నాడాయన.

నిజమే. 1918లో ఛాంపియన్లయిన ఈ జట్టు మళ్ళీ గెలవడానికి 86 ఏళ్ళు పట్టింది. 2004లో ఆ గెలుపు వచ్చినప్పుడు, అది చూడకుండానే కన్నుమూసిన తండ్రుల, తాతల సమాధులమీద జనం జట్టు జెండాలు ఉంచి వచ్చారు.

ఆ రాత్రి ఓడిపోయాం. మనవడి ముఖం చిన్నబోయింది. ముసలాయన వాడి టోపీ సర్ది, "ఏడాదికి 162 ఆటలురా! రేపు మళ్ళీ ఉందిగా!" అన్నాడు.