220 మైనస్ వయసు

మన ఐటీ జనాలకి అంకెలంటే నమ్మకం ఎక్కువ. అందులోనూ స్క్రీన్ మీద కనిపిస్తే ఇక ప్రశ్నించం. మా ఆఫీసులో సగం మంది చేతులకి గుండె వేగం చూపించే వాచీలే. జిమ్ములో, సైకిల్ మీద, ఆఖరికి అప్రైజల్ మీటింగులో కూడా అదే చూసుకుంటారు. నేనూ ఆ బాపతే. అయితే ఆ అంకె వెనకున్న లెక్కేంటో కూడా ఓసారి చూడండి.

నేనుండేది మెట్టుగూడలో. వారానికి నాలుగు రోజులు పొద్దున్నే తార్నాక మీదుగా ఓయూ క్యాంపస్‌లోకి సైకిలేసుకుని వెళ్తా. 2002 జాతీయ క్రీడలకి కట్టిన వెలోడ్రోమ్ కూడా అక్కడే ఉంది. అది రేసులు తొక్కేవాళ్ళకి లెండి, మనకి చెట్ల కింద రోడ్డు చాలు.

నా గుండె గరిష్ఠ వేగం నిమిషానికి 192 అంటుంది వాచీ. 220లోంచి నా వయసు 28 తీసేసిందంతే! 1971లో ఫాక్స్ బృందం అప్పటికున్న అధ్యయనాల అంకెల మీద ఉజ్జాయింపుగా గీసిన గీత అది. 2001లో తనాకా బృందం ఇంకా చాలా అధ్యయనాలు కలిపి చూసి, వయసుని 0.7తో గుణించి 208లోంచి తియ్యమంది. అలా అయితే నాది 188. ఏదైనా సగటు లెక్కే. ఒకే వయసు వాళ్ళిద్దరికి 10, 20 తేడా ఉండటం మామూలే.

ఇంకో తమాషా. తేలిగ్గా తొక్కాలంటే 60-70 శాతంలో ఉండాలంటారు. 192లో అది 115-134. కార్వోనెన్ పద్ధతిలో విశ్రాంతిగా ఉన్నప్పటి వేగాన్ని (నాది 68) కూడా లెక్కేస్తే 142-155. అదే గుండె, అదే శాతం, జవాబులు మాత్రం రెండు!

ఇదంతా నేనింత పట్టించుకోవడానికి కారణం మా నాన్న. రెండేళ్ళ క్రితం, 54వ ఏట, గుండెపోటు వచ్చింది. స్టెంట్ వేశారు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం చూస్తే, దక్షిణాసియా వాళ్ళకి తొలి గుండెపోటు వచ్చే మధ్యస్థ వయసు 53, మిగతావాళ్ళకి దాదాపు 59. అంటే మనకి ఆరేళ్ళు ముందే అన్నమాట.

కోలుకున్నాక "నేనూ వస్తారా నీతో" అన్నాడు నాన్న. సైకిలెక్కించే ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళా. నాన్న బీటా బ్లాకర్ వాడతాడు. ఆ మందు పనే గుండె వేగాన్ని పెరగనివ్వకపోవడం. వాచీకి ఆ సంగతెలా తెలుస్తుంది? దాని లెక్కలో 56 ఏళ్ళ మనిషికి గరిష్ఠం 164, తేలిక జోన్ 98-115. డాక్టరు మందులు ఆపకుండానే ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి, 105 దాటొద్దన్నారు. వాచీ "బాగా తేలిక" అనే చోట మా నాన్న హద్దు అయిపోతోంది!

వాచీని పారేయమనట్లేదు. మేము అందులో 220 లెక్క తీసేసి 105 పెట్టాం, దాటితే కూత పెడుతుంది. డాక్టరు ఇంకో కొలత కూడా చెప్పారు: ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే సరే, మాట తెగుతోందంటే ఆపేయాలి. ఎండాకాలంలో అదే రోడ్డు మీద అదే స్పీడుకి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది కాబట్టి ఈ కొలత మాకు మరీ పనికొస్తోంది.

అమ్మానాన్నలకి పుట్టినరోజుకి ఈ వాచీలు కొనిచ్చేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. మంచిదే. కానీ వాళ్ళు బీపీకో గుండెకో మందులు వాడుతుంటే, ఎంతవరకు వెళ్ళొచ్చో డాక్టర్ని అడిగి, ఆ అంకెని మీ చేత్తో వాచీలో పెట్టి మరీ ఇవ్వండి.