ఎవరి పుస్తకము?

మా తాతగారి బట్టలకొట్టులో, గల్లాపెట్టె ప్రక్కను, ఎఱ్ఱగుడ్డ అట్టతో నిలువుగా పొడవైన ఆవర్జా పుస్తకమొకటి యుండెడిది; ఉగాదినాడు దాని నాలుగు మూలలకు పసుపు పూసి, మొదటి పుటపై శ్రీకారము చుట్టి, క్రిందటేటి నిల్వల నందులోని కెక్కించిన పిమ్మటనే వారు మొదటి బేరము చేయువారు.

జమ, ఖర్చు అను రెండు మాటలు వినగానే బెదరి లెక్కల పుస్తకము మూసివేయు విద్యావంతులను నేనెందఱనో యెఱుగుదును. ఆ మాట యెవరి పుస్తకములోనిదో ముందుగా అడిగినచో ఆ బెదురు చాలవఱకు తీరును. బ్యాంకు పాసుపుస్తకమునే చూడుడు: మన చేతినుండి పోయిన సొమ్ము అందు జమయై కనబడును. అది బ్యాంకు తన పుస్తకములో వ్రాసికొన్న లెక్కకు నకలు. ఇచ్చినవాని ఖాతాకు జమ, పుచ్చుకొన్నవాని ఖాతాకు ఖర్చు అను సూత్రముచొప్పున, సొమ్మిచ్చిన మనము దానికి ఋణదాతలము. మన యింటి పుస్తకములో మనమే వ్రాసికొన్నచో ఆ పద్దే బ్యాంకు పేర ఖర్చుగా తేలును.

ప్రతి వ్యవహారమునకును ఇట్లు రెండు ముఖములుండుటను బట్టియే జంటపద్దు విధాన మేర్పడినది. వెనిస్ వర్తకులలో అప్పటికే వాడుకలోనున్న యీ పద్ధతిని లూకా పాచోలి యను గణితవేత్తయైన సన్యాసి 1494లో తన గ్రంథమున వివరించి అచ్చువేయించెను. ఏనాటి వ్యవహార మానాడు తేదీవారీగా చిట్టాలో వ్రాయుదురు. అక్కడినుండి పేరుపేరున ఆవర్జా కెక్కింతురు. ఆవర్జాలోని ఖాతాల నిల్వలను రెండు వైపుల కూడి సరిచూచుట అంకణా. అంకణా సరిపోయినంత మాత్రమున లెక్క శుద్ధమని నమ్మరాదు: రాజయ్య పేర వ్రాయవలసినది రామయ్య పేర వ్రాసినను మొత్తములు సరిపోవును.

10,000 రూపాయల మూలధనముతో కొట్టు తెఱచి, 8,000కు బట్ట కొని, అందు సగము 5,000కు అరువిచ్చిన వర్తకుని తలంపుడు. లాభనష్టముల ఖాతాలో లాభము 1,000. గల్లాపెట్టెలో మిగిలినది 2,000 మాత్రమే. లాభమును రొక్కమును ఒకటే యనుకొని, లాభము గడించుచునే అద్దె కట్టలేక మూతపడిన కొట్లను తలచికొన్నపుడు నాకు కడుపు తరుగుకొనిపోవును. ఆస్తి అప్పుల పట్టీలో రొక్కము 2,000, సరకునిల్వ 4,000, రావలసిన బాకీలు 5,000, వెరసి 11,000; ఎదుట మూలధనము 10,000, లాభము 1,000. యజమాని సొంతసొమ్ము అప్పుల వైపున నుండుట తొలుత నన్ను కలవరపెట్టినది. కొట్టు వేఱు, యజమాని వేఱు; మూలధనము కొట్టు ఆయనకు పడిన బాకీ.

తాతగారు ఏ శాస్త్రమును చదివినవారు కారు. ఒకనాడు నా పరికిణీకని చీటిగుడ్డ రెండు గజములు కొలిచి, కత్తెర పట్టకమునుపే కలము తీసి, తన పేర సొంతవాడకముల క్రింద కొన్నధరకు వ్రాసికొనిరి. మన కొట్టే గదా తాతయ్యా యని నేనడుగగా, “కొట్టుకు బాకీ పడ్డానమ్మా, రాసుకోవద్దూ!” అని, ఆ గుడ్డను కాగితములో చుట్టి, బేరమునకు వచ్చినవారికిచ్చినట్లే నా చేతి కందిచ్చిరి.